రాముడు బావ చెయ్యి

సెప్టెంబరు 3, బుధవారం

విజయనగరంలో డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. నిద్ర పట్టడం లేదంటే మాత్ర ఇస్తుందనుకున్నాను. మాత్ర ఇవ్వకుండా హోంవర్కు ఇచ్చింది. రోజూ సాయంత్రం, ఆ రోజు నీకు మేలు చేసిన ముగ్గురిని తలుచుకో, వాళ్ళ పేర్లు రాయి, ఏం చేశారో రాయి, వీలైతే మర్నాడు వాళ్ళకా మాట నోటితో చెప్పు అంది. నెల తిరిగేసరికి నిద్ర వస్తుందట, బీపీ దిగుతుందట, మనుషులతో గొడవలు తగ్గుతాయట. గొడవల సంగతి ఆవిడకెవరు చెప్పారో నాకు తెలుసు. పక్కనే కూర్చుంది. డాక్టర్ల ముందు మా ఆవిడ శైలజకు నోరు బాగా లేస్తుంది.

కుడి చెయ్యి కూడా చూపించాను. మణికట్టు చుట్టూ ఎవరో పట్టుకున్నట్టు బిగిసి ఉంటోందన్నాను. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి, నొక్కి, ఏమీ లేదు పొమ్మంది.

సరే, ముగ్గురు. భోగాపురం దాకా ఆటోలో జరిగి చోటిచ్చిన ముసలాయన. వంకాయల్లో ఎండు రొయ్యలు వేసి వండిన శైలజ. మూడో మనిషి తట్టడం లేదు. దేవుడు అని రాసుకుందాం.

సెప్టెంబరు 4

టీ కొట్టువాడు, శైలజ, దేవుడు.

సెప్టెంబరు 5

టీ కొట్టువాడు, శైలజ, దేవుడు. నిద్ర లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

పడవ సంగతి ఒకసారి రాసి పడేస్తే మంచిదేమో. జులై రెండున ఒడ్డుకు వస్తుంటే నా పడవ కెరటానికి తిరగబడింది. పడవలో ఇద్దరమే ఉన్నాం, నేనూ మా అప్ప, అంటే మా అక్క, ఈశ్వరి మొగుడు రాముడు బావా. బావ పొద్దున్నే మందు వేసుకుని ఎక్కాడు, తిరగబడగానే ములిగిపోయాడు. నేను రెండు గంటలు ఈది ఒడ్డెక్కాను. ఈ నాలుగు ముక్కలూ పోలీసులకు చెప్పాను, పేటలో చెప్పాను, అప్పకు చెప్పాను. ఇప్పుడు ఈ పుస్తకానికీ చెప్పాను. అయిపోయింది.

మూడో రోజున శవం పక్క ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కుడి చేతి వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు ముగ్గురు పట్టి లాగినా తెరుచుకోలేదు. సముద్రంలో పోయినవాళ్ళకు అలాగే అవుతుందని అందరికీ నేనే చెప్పాను. చదువుకున్నవాణ్ణి కదా, నమ్మారు.

ఈ రోజు ముగ్గురు: శైలజ, తన పడవలో నాకు పని ఇచ్చిన జగన్నాధం మావ, నేను. నేనెందుకు కాకూడదు? ఈదింది నేనే కదా. ఆ 'నేను' దగ్గర పెన్ను ఆగిపోయింది. సిరా అయిపోలేదు, విదిలిస్తే గోడ మీద చుక్కలు పడ్డాయి. మళ్ళీ కాగితం మీద పెట్టేసరికి మణికట్టు దగ్గర బిగిసింది, చెయ్యి జరగలేదు. చివరికి ఎడమ చేత్తో రాశాను. ఒకటో తరగతి పిల్లాడి రాతలా ఉంది.

సెప్టెంబరు 10

సముద్రం నుంచి వచ్చి ఇసుకలో కూర్చున్నాను. ఎండ చుర్రుమంటోంది. చేతుల మీద ఉప్పు తెల్లగా ఆరిపోయింది. కుడి మణికట్టు మీద మాత్రం నాలుగు పట్టీల మేర ఆరలేదు. లోపలివైపు ఇంకొక పట్టీ, బొటనవేలంత వెడల్పు. తువ్వాలుతో గట్టిగా తుడిచాను. చూస్తుండగానే మళ్ళీ తడి ఊరింది. నాలికకు తగిలించాను. సముద్రపు నీరే.

శైలజకు చూపిస్తే చెమట అంది. చెమటకు వేళ్ళుంటాయా అని అడగబోయి మానుకున్నాను.

సెప్టెంబరు 11

శైలజ. జగన్నాధం మావ. టీ కొట్టువాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

అప్ప కుడి చెయ్యి పడిపోయిందట. పడిపోవడం అంటే పక్షవాతం కాదు, బరువెక్కిపోయిందట. ఎత్తలేకపోతోంది. నెల్లాళ్ళ నుంచీ ఇంతేనట. చేపల గంప తల మీదకు ఎత్తుకోలేక ఊళ్ళమ్మట తిరగడం మానేసిందట. విజయనగరంలో ఎక్స్‌రే తీశారు, నరాల పరీక్ష చేశారు, ఏమీ కనిపించలేదు. ఇలాగే ఉంటే కండ కరిగిపోతుంది, తర్వాత చెయ్యి తిరిగి రాదు అన్నారట. ఇదంతా శైలజ గిన్నెలు తోముతూ చెప్పింది. నాలుగిళ్ళ అవతల ఉన్న సొంత అప్ప సంగతి నాకు గిన్నెల చప్పుడులో తెలిసింది.

నేను అటు వెళ్ళడం లేదన్నది నిజమే. అప్పే నాతో మాట్లాడ్డం మానేసింది. లేదు, నేనే మానేశాను. ఇద్దరం మానేశాం అని రాయడం న్యాయం.

ముగ్గురి పేర్లు ఈ రోజు రాయను.

సెప్టెంబరు 16

వెళ్ళాను. పట్టపగలు, తలుపు తీసే ఉంది. అప్ప చాప మీద గోడకు జారబడి నిద్రపోతోంది. కుడి చెయ్యి పక్కన పడేసి ఉంది. ఎవరిదో చెయ్యి తెచ్చి అక్కడ పెట్టినట్టు ఉంది.

వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. పిడికిలి కాదు. పిడికిలైతే మధ్యలో ఖాళీ ఉండదు. ఈ వేళ్ళ మధ్య ఖాళీ ఉంది, ఒక మణికట్టు పట్టేంత ఖాళీ. నిద్రలో ఆ వేళ్ళు ఒకసారి బిగుసుకున్నాయి. గుమ్మంలో నిలబడ్డ నాకు మణికట్టు దగ్గర బిగిసింది. ఆవిడ వేళ్ళు వదులయ్యాయి, నాదీ వదులైంది. మళ్ళీ బిగిశాయి. నేను ఎన్నిసార్లు చూశానో తెలియదు.

లేచి నన్ను చూసింది. కూర్చోమనలేదు. ఎలా ఉందని అడిగాను.

"కన్ను మూస్తే సాలు, ఏదో సేతిలోంచి జారిపోతన్నట్టుంటాది. ఒదిలీకూడదు, ఒదిలీకూడదు అనిపిస్తాది. అదేటో నాకు తెలీదు" అంది. "నీకేటైనా తెలుసేటిరా?" అని అడిగింది.

తెలీదన్నాను. భోగాపురంలో పనుందని వచ్చేశాను. భోగాపురంలో నాకే పనీ లేదు. విమానాశ్రయం గోడ పక్కన గంటసేపు నిలబడి, వచ్చేపోయే లారీలను చూసి ఇంటికొచ్చాను.

సెప్టెంబరు 18

వల బాగుచేస్తూ జగన్నాధం మావ అడిగాడు. ఈ పూట గాలెటు ఉంది అన్నట్టే అడిగాడు.

"నిన్ను ఒడ్డెక్కించినోడు ఎవుడురా?"

ఎవడూ లేడన్నాను. ఆయన దారం కొరికి, ముడి బిగించి, నా మణికట్టు వైపు చూశాడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

మా పేటలో ఇది అందరికీ తెలిసిన సంగతే. సముద్రంలో ఒకడు ఇంకొకడిని పట్టి బతికిస్తే, బతికినవాడు మళ్ళీ పడవెక్కిన రోజునే కొత్త తువ్వాలు, మొదటి వలలో మొదట చేతికొచ్చిన చేప పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడాలి. పెద్దమనిషి ఒకడు చూస్తుండాలి. జరిగింది జరిగినట్టు చెప్పి, నీ చెయ్యి నన్ను ఒడ్డెక్కించింది అనాలి. అవతలివాడు మణికట్టు ముట్టుకుని, నా చెయ్యి నేను తీసుకున్నాను అంటాడు. అతను లేకపోతే ఇంటివాళ్ళు అంటారు. బతికినవాడు చెప్పనంతకాలం ఆ ఇంట్లో చెయ్యి బరువెక్కుతుందట. వాళ్ళు తీసుకోనంతకాలం బతికినవాడి మీద పట్టు పోదట. నేను డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. ఇలాంటివి వింటే నవ్వొచ్చేది. ఈ రోజు రాలేదు.

"ఈశ్వరి సెయ్యి పోతాది, సూస్తా కూకుంటావేటి?" అన్నాడు మావ.

సెప్టెంబరు 20, శనివారం

వెళ్ళి చెప్పేశాను. చెప్పాల్సినంత చెప్పాను.

మొదటి వలలో నా చేతికి ముందొచ్చింది వేలెడంత నెత్తల్లు చేప. దాన్ని పట్టుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడతాను? పక్క పడవవాళ్ళ దగ్గర మూడు కేజీల వంజరం తీసుకున్నాను. పెద్దమనిషిని పిలవలేదు, అప్పా తమ్ముళ్ళ మధ్య ఆయనెందుకు అనుకున్నాను. తువ్వాలు పెట్టి, చేప పెట్టి, పడవ తిరగబడ్డాక బావ కాసేపు నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ చెయ్యి నన్ను ఒడ్డెక్కించింది అన్నాను. మందు సంగతి ఎత్తలేదు. మిగతాదీ ఎత్తలేదు.

అప్ప ఆ చేపను చాలాసేపు చూసింది.

"ఇంత పెద్ద సేప తెచ్చినావు. ఏటి మరిసిపోమంటావురా?"

ఎడమ చేత్తో దాన్ని గుమ్మం అవతలికి నెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ దాకా వచ్చినవాణ్ణి ఇలాగా చూసేది అనుకుంటూ చేప పట్టుకుని ఇంటికొచ్చాను. శైలజ వండలేదు. అది పాడైపోయింది.

సాయంత్రం నుంచీ మణికట్టు ఎముక దాకా నొక్కుకుపోతోంది. అక్షరాలు వంకర పోతున్నాయి. ఎవరూ లేని ఇంట్లో, దీపం పెట్టే వేళ, నా చెయ్యి దానంతటదే సముద్రం వైపు లేచింది. చిన్నపిల్లాణ్ణి రా రా అని లాగినట్టు ఉంది. మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

రాస్తాను. చదివేది నేనొక్కణ్ణే.

పడవ నడిపింది నేను. పెద్ద కెరటాలున్నాయి, కాస్త ఆగి పోదామురా అన్నాడు బావ. నువ్వు నాకు చెప్పేంతవాడివయ్యావా అన్నాను. ఆయన మందు తాగలేదు. ఆ రోజు కాదు, ఆ ఏడాదంతా తాగలేదు. నా చిన్నప్పుడు ఇల్లరికం వచ్చినవాడని పదిహేనేళ్ళు ఆయన్ని ఆడిపోసుకున్నాను. పది మందిలో వెక్కిరించాను. నవ్వి ఊరుకునేవాడు, ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

తిరగబడ్డప్పుడు నా కాళ్ళకు వల చుట్టుకుంది. బావ ములిగి దాన్ని కోశాడు. తిరగబడ్డ పడవ మీదకు నన్ను తోశాడు. ఆయనకు చోటు చాల్లేదు. నీళ్ళలో ఉండి నా మణికట్టు పట్టుకున్నాడు, నేను జారిపోకుండా. రెండు గంటలు. మాట్లాడుతూనే ఉన్నాడు, నిద్రోకురా, మీ అప్ప నన్ను తిడతాది అన్నాడు. నేను ఈదలేదు. ఒక్క బార కూడా ఈదలేదు.

ఒడ్డు దగ్గరైంది. మనుషులు కనిపిస్తున్నారు. అప్పటికి ఆయన మాట ఆగిపోయింది, బరువంతా నా చేతి మీద పడింది. నేను జారుతున్నాను. చిటికెన వేలు మొదట విప్పాను. తర్వాత ఉంగరం వేలు. ఒక్కొక్కటీ నేనే విప్పాను. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి. చూస్తున్నాడు. ఏమీ అనలేదు.

ఇంకొక్క పావుగంట పట్టుకుంటే ఇద్దరం ఒడ్డెక్కేవాళ్ళం.

ప్రాణం నిలిపినవాణ్ణి తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపించాలి కదా. నాకు కోపం వచ్చేది. వెళ్ళి వెళ్ళి ఆ మనిషికా నేను రుణపడాలి అని. అందుకే తాగాడన్నాను. తాగుబోతుకు ఎవరూ రుణపడరు.

ఒక్కటే అర్థం కావడం లేదు. నేను విప్పిన వేళ్ళు శవానికి మళ్ళీ ఎలా మూసుకున్నాయి?

సెప్టెంబరు 22

పడవెక్కలేదు. శైలజకు అంతా చెప్పాను. పొయ్యి ఆపేసి బయటికెళ్ళి కూర్చుంది. ఇప్పటిదాకా ఒక్క మాట లేదు.

సెప్టెంబరు 23, మంగళవారం

మొదటి వలలో ఈసారీ నెత్తల్లే. నిన్నటివరకైతే నవ్వేవాణ్ణి. జగన్నాధం మావ దాన్ని ఆకులో పెట్టి నా చేతికిచ్చి, నా వెనకే నడిచాడు. ఎనిమిది గంటలవేళ. పంపు దగ్గర ఆడవాళ్ళు ఉన్నారు. బిందెలు దించేసి చూశారు. చూడనీ అనుకున్నాను.

అప్ప గుమ్మం ముందు నిలబడి మొత్తం చెప్పాను. పడవ నడిపింది నేను, తాగాడన్నది అబద్ధం, రెండు గంటలు పట్టుకున్నాడు, వేళ్ళు నేనే విప్పాను. గొంతు ఎక్కడా ఆగలేదు. ఆగుతుందనుకున్నాను. చివర్న, బావ చెయ్యి నన్ను ఒడ్డెక్కించింది అప్పా అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. మూడు నెలల్లో ఇదే మొదటిసారి. బావ పోయాడని నాకప్పుడే తెలిసినట్టు ఏడ్చాను.

అప్ప ఏడవలేదు.

"ఏళ్ళిప్పుతుంటే ఏటన్నాడు?"

"ఏటీ అనలేదు."

"కోపంగా సూసినాడేటి?"

"లేదప్పా. నాను సిన్నప్పుడు సెట్టెక్కితే కిందనించి సూసీవాడు కదా. అలగే సూసినాడు."

అప్పుడు అప్ప కుడి చెయ్యి తెరుచుకుంది. చిటికెన వేలు మొదట. తర్వాత ఉంగరం వేలు. ఒక్కొక్కటే. ఆవిడ తన చేతిని చూసుకుంటోంది, దాన్ని ఎవరో తెరుస్తున్నట్టు. చివరికి బొటనవేలు. అరచెయ్యి నిండా తడి. అక్కడి నుంచి నీళ్ళు కారి గడప మీద పడ్డాయి. పంపు దగ్గర ఎవరో నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆ చేత్తోనే నెత్తల్లు తీసుకుంది. పైకెత్తి పట్టుకుంది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

మావ చాలాసేపు తలుపు వైపే చూశాడు. నా చెయ్యి నేను తీసుకున్నాను అన్న మాట ఆమె అనలేదు.

సెప్టెంబరు 24

నిద్ర పట్టింది. మణికట్టు మీద పట్టు అలాగే ఉంది. అయినా పట్టింది.

సెప్టెంబరు 26

టీ కొట్టు దగ్గర నేను కూర్చుంటే ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వెళ్ళనీ. రాముడు బావ తాగి ఎక్కలేదని వెళ్ళేవాళ్ళకు వినబడేలా ఇంకోసారి చెప్పాను. టీ కొట్టువాడు గ్లాసు నా ముందు పెట్టి, నాకూ ఒకసారి వల లాగి పెట్టాడు ఆ మనిషి, ఒక మంచి మాట ఎప్పుడూ చెప్పలేదు నేను అన్నాడు. ఇంకొకాయన ఏదో అందుకున్నాడు. ఆ గంటసేపు అందరూ బావ గురించే మాట్లాడారు. నేను వింటూ కూర్చున్నాను. పదిహేనేళ్ళు నా పక్కన ఉన్న మనిషి గురించి నాకేమీ తెలియదు.

శైలజ ఈ రోజు కంచంలో అన్నం పెట్టి, తినమంది. ఒక్క మాటే. దానికీ థాంక్స్.

సెప్టెంబరు 28

అప్ప గంపెత్తుకుని వెళ్ళడం చూశాను. కుడి చెయ్యి పైకి పెట్టి గంపను పట్టుకుంది. నన్ను దాటి వెళ్ళింది, ఆగలేదు. జగన్నాధం మావ వెళ్ళి ఆ మాట అనమని అడిగాడట. అననందట. ఇది నాకు శిక్ష అనుకున్నాను. అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉంది. ఉప్పు ఆరినప్పుడు నాలుగు పట్టీలూ అలాగే తడిగా ఉంటున్నాయి. ఇప్పుడు తుడవడం లేదు.

సెప్టెంబరు 30, మంగళవారం

మూడు గంటలకు అప్ప వచ్చింది. ఖాళీ గంప గోడకు ఆనించి, అరుగు మీద నా పక్కన కూర్చుంది. శైలజ మంచినీళ్ళిచ్చింది. తాగింది. నా చొక్కా చెయ్యి తనే పైకి మడిచింది.

"ఇక్కడేనేటి?"

అవునన్నాను. తన వేళ్ళు ఒక్కొక్కటీ ఆ తడి మీద ఆనించింది. ఆవిడ వేళ్ళు చిన్నవి, పట్టీలకు సరిపోలేదు. ఇక ఆ మాట అంటుందనుకుని కళ్ళు మూసుకున్నాను. అనకూడదని ఎందుకు అనిపించిందో, ఎంత భయం వేసిందో రాయలేను.

"ఆ మాటన్నానంటే ఆయన ఎల్లిపోతాడు" అంది. "నాననను. మోస్తావా?"

"మోస్తానప్పా."

"నీ కోసం వొచ్చీనాననుకోకు. నీ మీద నాకు ఇంకా మండుతన్నాది. ఆయన్ని సూడ్డానికొచ్చినాను. రోజూ వొస్తాను."

చెయ్యి తీయలేదు. తల వంచి, నాతో కాదు, నా మణికట్టుతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఏ ఊళ్ళు తిరిగిందో చెప్పింది. చెప్పు తెగిందని, ఎవరో కొత్త కోడలు ఆయన గురించి అడిగిందని, ఇంటి వెనక మునగ చెట్టు గాలికి విరిగిందని చెప్పింది. మొగుడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక చెప్పే మాటలే అన్నీ. నేను అక్కడ లేనట్టే చెప్పింది.

మునగ చెట్టు దగ్గర నా మణికట్టు మీద పట్టు ఒకసారి బిగిసి, సడలింది. అప్ప మాట ఆపి నా ముఖంలోకి చూసింది. ఆవిడకూ తెలిసింది.

"నా మాట ఇంటన్నాడు" అంది మెల్లిగా. మిగతాది చెప్పడం మొదలుపెట్టింది. అది అయ్యేదాకా నేను చెయ్యి కదపకుండా కూర్చున్నాను.